ముసలిదైన కొండ సైకిలు

పిల్లలూ, మీ వీధిలో తిరిగే సైకిళ్ళను ఒకసారి పరికించి చూడండి. తాతల కాలం నాటి నల్ల సైకిలు ఒకటి ఎక్కడో ఒక గోడకు ఆనించి ఉంటుంది. దాని చక్రాలు పెద్దవి, టైర్లు సన్ననివి. బ్రేకులకు ఇనపకడ్డీలు ఉంటాయి. హాండిలు వెనక్కు వంగి తొక్కేవాడి చేతులకు అందివస్తుంది. ఇప్పుడు మీరు తొక్కే సైకిలు చూడండి. చక్రాలు కొంచెం చిన్నవి. టైర్లు లావుగా, పళ్ళు తేలి ఉంటాయి. హాండిలు కర్రలాగా అడ్డంగా, తిన్నగా ఉంటుంది. దీన్ని కొందరు రేంజరు సైకిలంటారు, గేర్లుంటే గేరు సైకిలంటారు.

మీ సైకిలుకు ఆ రూపం ఎక్కడి నుంచి వచ్చింది? అది కొండ దిగటానికి పుట్టిన సైకిలు. మీ ఊరు గోదావరి ఒడ్డున బల్లపరుపుగా ఉండవచ్చు. ఊరిచుట్టూ పది మైళ్ళ మేర ఒక్క గుట్ట అయినా లేకపోవచ్చు. ఐనా సైకిలు మాత్రం కొండదే.

ఆ కొండ పేరు టామల్‌పాయిస్. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఎదురుగా ఉన్న గోల్డెన్‌గేట్ వంతెన దాటి ఉత్తరంగా పోతే కనిపిస్తుంది. ఎత్తు సుమారు 2,570 అడుగులు. మన తిరుమల కొండ దాదాపు ఇంతే ఉంటుంది. దాని మీద అడవికి నిప్పంటుకుంటే బళ్ళు పోవటానికి వేసిన మట్టిబాటలు అనేకం ఉన్నాయి. 1970 ప్రాంతాల ఆ చుట్టుపక్కల ఊళ్ళ కుర్రవాళ్ళకు ఒక సరదా పుట్టింది. పాత సామాన్ల కొట్లలో పడి ఉన్న బరువైన సైకిళ్ళను కొద్ది డబ్బుకు కొని, వాటిని కొండ మీదికి చేరవేసి, మట్టిబాట వెంట కిందికి దౌడు తీయించటమే ఆ సరదా.

ఆ పాత సైకిళ్ళు 1930, 1940 ప్రాంతాలవి. ష్విన్ అనే కంపెనీ 1933లో 26 అంగుళాల చక్రానికి బుడగలాగా లావైన టైరు వేసి అమ్మటం మొదలుపెట్టింది. పత్రికలు పంచే కుర్రాళ్ళు వాటిని తొక్కేవారు. ఇరవై కిలోలకు పైబడిన బరువు. గేర్లు లేవు. వెనక చక్రపు ఇరుసులో బ్రేకు. పెడళ్ళు వెనక్కు తొక్కితే ఆ బ్రేకు పడుతుంది.

ఈ బ్రేకు సంగతి కొంచెం ఆగి చూద్దాం. 1976 అక్టోబరు 21న ఫేర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి దగ్గర ఈ కుర్రవాళ్ళు ఒక పందెం పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్ళ బాట, 1,300 అడుగుల దిగుడు. ఒకరి తరువాత ఒకరు విడివిడిగా బయలుదేరాలి. గడియారం చూసి ఎవరు తక్కువ సమయంలో దిగారో లెక్క కట్టాలి. ఆ మొదటి పందెం ఆలన్ బాండ్స్ అనే అతను గెలిచాడు. ఆ బాటకు "రీపాక్" అని పేరు వచ్చింది. అంటే తిరిగి కూరటం. దేన్ని కూరాలి? గ్రీజును.

ఎందుకో లెక్క వేసి చూడండి. మనిషి, సైకిలు కలిసి 92 కిలోలు అనుకుందాం. 1,300 అడుగులంటే సుమారు 396 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి మూడున్నర లక్షల జౌళ్ళ పైచిలుకు. ఒక లీటరు చన్నీళ్ళను తెర్ల కాగబెట్టటానికి మూడు లక్షల జౌళ్ళు చాలు. దిగేటప్పుడు కొంత శక్తిని ఎదురుగాలి తీసుకుంటుంది, కొంత మట్టీ టైర్లూ తీసుకుంటాయి. మిగిలినదంతా పిడికెడంత ఇరుసులోకి వేడిగా పోవాలి. అందులో ఉన్న గ్రీజు కరిగి, కాలి, పొగై పోయేది. ఒక్కసారి కొండ దిగితే చాలు, ఇరుసు విప్పి మళ్ళీ గ్రీజు కూరవలసిందే. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్క స్వయంగా చేసి చూసుకోవచ్చు. నేను బడిలో ఉండగా శక్తి పాఠానికి ఇంత మంచి ఉదాహరణ నా చేతికి చిక్కలేదు.

రీపాక్ పందెంలో అందరికన్న తక్కువ సమయం 4 నిమిషాల 22 సెకన్లు. ఆ ఖ్యాతి గారీ ఫిషర్ అనే అతనిది. రెండు సెకన్లు వెనకగా జో బ్రీజ్. అంటే గంటకు సుమారు పాతిక మైళ్ళ వేగం. రాళ్ళూ గోతులూ ఉన్న మట్టిబాట మీద ఒక్క బ్రేకుతో ఆ వేగమంటే ఎముకలు విరగకుండా ఎలా ఉంటాయి? విరిగేవి. సైకిళ్ళు కూడా విరిగేవి.

విరగని సైకిలు ఎవరైనా చేస్తే బాగుండునని చార్లీ కెల్లీ అనే మిత్రుడు జో బ్రీజ్‌ను అడిగాడు. బ్రీజ్‌కు ఫ్రేములు అతికే పని వచ్చు. విమానాలలో వాడే రకం గట్టి ఉక్కు గొట్టాలు తెచ్చి, కొండ కోసమే 1977లో ఒక సైకిలు తయారుచేశాడు. అన్నీ కొత్త భాగాలతో, కొండ కోసమే కట్టిన మొదటి సైకిళ్ళలో అది పేరుపడ్డది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది.

కథ అక్కడి నుంచి పరుగెత్తింది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి "మౌంటెన్ బైక్స్" అనే పేరుతో చిన్న వ్యాపారం పెట్టారు. వారికి ఫ్రేములు టామ్ రిచీ అనే చెయ్యి తిరిగిన పనివాడు చేసి ఇచ్చేవాడు. వారి కంపెనీ పేరు కాస్తా అందరి నోళ్ళలో పడి ఆ రకం సైకిలు పేరే అయిపోయింది. 1981లో స్పెషలైజ్‌డ్ కంపెనీ జపానులో చేయించి "స్టంప్‌జంపర్" అనే సైకిలును పెద్ద ఎత్తున అమ్మకానికి పెట్టింది. ఆ తరువాత పదేళ్ళలో లోకమంతా కొండ సైకిళ్ళే. మీ నాన్నగారు చిన్నప్పుడు తిన్నటి హాండిలు ఉన్న సైకిలు కావాలని మారాం చేసి ఉంటారు, అడిగి చూడండి.

ఇవన్నీ ఇలా జరిగాయని మనకు ఎలా తెలిసింది? ఆనాటి గుంపులో వెండీ క్రాగ్ అనే ఒక యువతి ఉండేది. తానూ సైకిలు తొక్కుతూనే, వెంట కెమేరా తీసుకుపోయి బొమ్మలు తీసింది. చార్లీ కెల్లీ 1980 నుంచి 1987 దాకా "ఫాట్ టైర్ ఫ్లయర్" అని ఒక చిన్న పత్రిక నడిపాడు. అప్పట్లో అది కుర్రవాళ్ళ ఆట. ఆటను ఎవరు రాసిపెట్టుకుంటారు? వీళ్ళు రాసిపెట్టారు, బొమ్మలు దాచిపెట్టారు. అందుచేత నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

ఇక్కడితో ఆపితే ఇది సైకిలు పుట్టిన కథ అవుతుంది. నేను చెప్పదలచింది పుట్టుక గురించి కాదు, ముసలితనం గురించి.

కొత్తది పాతబడటానికి ఎంతకాలం పట్టిందో చూడండి. 1989, 1990 నాటికి ముందు చక్రపు ఫోర్కులో కుదుపును మింగే ఏర్పాటు అమ్మకానికి వచ్చింది. రాక్‌షాక్స్ కంపెనీది దాని పేరు ఆర్.ఎస్.1. 1990లో కొలరాడో రాష్ట్రంలోని డురాంగోలో మొదటిసారి ప్రపంచ పోటీలు పెడితే, కొండ దిగే పందెంలో గ్రెగ్ హర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచాడు. అంతటితో కదలని ఫోర్కుల సైకిళ్ళు పాతవైపోయాయి. 1996లో ఒలింపిక్ పోటీలలో కొండ సైకిలుకు చోటు దొరికింది. అదే సంవత్సరం షిమానో కంపెనీ పొడుగు చేతుల బ్రేకులు తెచ్చింది. అంతకుముందువి పాతవైపోయాయి. తరువాత పళ్ళెం బ్రేకులు వచ్చి వాటినీ పాతవి చేశాయి. చివరకు చక్రం కొలతే మారింది. 2000 తరువాత 29 అంగుళాల చక్రాలు వచ్చాయి, మరి పదేళ్ళకు ఇరవై ఏడున్నర వచ్చింది. 1933లో పత్రికల కుర్రాడి సైకిలుతో మొదలై ఎనభై ఏళ్ళు ఏలిన 26 అంగుళాల చక్రం మంచి కొండ సైకిళ్ళ నుంచి దాదాపు అంతర్ధానమైంది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మన దేశంలో మాత్రం 26 అంగుళాల సైకిలు దుకాణం ముందు బారులు తీరి ఉంటుంది. అక్కడ పాత సైకిలు ప్రేమికుడు మంచి 26 అంగుళాల టైరు కోసం వెతుక్కుంటూ ఉంటే, ఇక్కడ పంచరు కొట్లో అవి దండలాగా వేలాడుతూ ఉంటాయి. రబ్బరు నాణ్యం వేరనుకోండి.

అవును, పాత సైకిలు ప్రేమికులని ఉన్నారు! 1980, 1990 ప్రాంతాల కొండ సైకిళ్ళను చేరదీసి, బాగుచేసి, ఇంకా తొక్కేవాళ్ళు అమెరికాలో, ఇంగ్లండులో, జర్మనీలో, జపానులో చాలామంది ఉన్నారు. వాళ్ళు ఒకరితో ఒకరు కలుసుకోకపోతే పని జరగదు. ఎందుకంటే ఒక కంపెనీ ఫ్రీవీలు విప్పే పనిముట్టు ఇంకొక కంపెనీ దానికి పట్టదు. ఒకదానికి రెండు గాడులుంటే ఇంకొకదానికి నాలుగుంటాయి. ఆ పనిముట్టు చేసినవాడు దుకాణం మూసి ముప్ఫయి ఏళ్ళయి ఉంటుంది. ఒకరి దగ్గర పనిముట్టు ఉంటే ఇంకొకరి దగ్గర పాత జాబితా పుస్తకం ఉంటుంది, మూడోవాడి అటక మీద చైను చక్రం ఉంటుంది. మన పల్లెల్లో వ్యవసాయ పనిముట్లు చేబదులు ఇచ్చిపుచ్చుకున్నట్టే.

వారికి ఎదురయ్యే చిక్కులలో రెండు మీకు చెబుతాను.

మొదటిది సీటు కింద గొట్టం. సైకిలు ఫ్రేము ఉక్కుది, అందులో దిగే సీటు కడ్డీ అల్యూమినియంది. ఎన్నో ఏళ్ళు కదిలించకపోతే అవి రెండూ అతికినట్టు బిగుసుకుపోతాయి. ఇద్దరు మనుషులు పట్టి తిప్పినా రావు. తుప్పే కదా అని మీరు అనవచ్చు. ఉత్త తుప్పు కాదు. రెండు వేరు లోహాలు ఆనుకుని ఉండి, మధ్యకు ఉప్పునీరు చేరితే అక్కడ చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. తొక్కేవాడి చెమటా, వాననీరూ చాలు. ఆ ఘటంలో అల్యూమినియం తనను తాను ఖర్చుపెట్టుకుని తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడికి లోహం కంటె ఎక్కువ చోటు కావాలి. ఇరుకు గొట్టంలో చోటెక్కడిది? అందుచేత మేకు దిగగొట్టినట్టు బిగుస్తుంది.

దీన్ని మీ వంటింట్లో చూడవచ్చు. స్టీలు గిన్నెలో ఉప్పువేసిన చింతపండు పులుసు అంచుల దాకా పోసి, పైన అల్యూమినియం రేకు కాగితం కప్పండి. రేకు గిన్నె అంచునూ తాకాలి, పులుసునూ తాకాలి. ఒకటి రెండు రోజులు ఒక మూల ఉంచి, రేకును తీసి వెలుతురుకు ఎత్తి చూడండి. సూదితో పొడిచినట్టు చిల్లులు కనిపిస్తాయి. ముందు అమ్మను అడిగి చేయండి. ఆ పులుసు మాత్రం ఎవరూ తినవద్దు, పారబోయండి.

సైకిలుకు మందు సులభమే. ఏడాదికి ఒకసారి కడ్డీ బయటికి లాగి, తుడిచి, గ్రీజు రాసి దించాలి. నీరు చేరే చోట గ్రీజు ఉంటే ఘటం ఏర్పడదు. మీ సైకిలుకూ ఈ పని చేయవచ్చు. రెండూ ఇనుమే అయినా తుప్పు పట్టకుండా ఉంటుంది, మీరు పొడుగెదిగినప్పుడు సీటు ఎత్తుకోవటం తేలికవుతుంది.

రెండో చిక్కుకు మందు లేదు. 1990 ప్రాంతాల కుదుపు మింగే ఫోర్కులు కొన్నింటిలో స్ప్రింగుకు బదులు రబ్బరు వంటి పదార్థపు బిళ్ళలు పేర్చేవారు. కాలం గడిచేకొద్దీ ఆ పదార్థం తేమకూ గాలికీ చెడి, కొన్ని రాయిలాగా గట్టిపడ్డాయి, కొన్ని బెల్లపు పాకంలాగా జిగటైపోయాయి. వాడినా చెడతాయి, వాడకుండా పెట్టెలో దాచినా చెడతాయి. 1939 నాటి ఉక్కు ఫ్రేము ఇప్పటికీ తొక్కటానికి పనికివస్తుంది కాని, 1993 నాటి ఫోర్కు లోపలి బిళ్ళలు పొడిపొడి అయిపోయాయి. కొత్త వస్తువు పాత వస్తువు కంటె ముందు ముసలిదైంది.

ఆ బిళ్ళలు ఇప్పుడు దుకాణంలో దొరకవు. ఇక్కడ కొత్త తరం వాళ్ళు కావలసివచ్చారు. కంప్యూటరులో వస్తువు ఆకారం గీసి, దాన్ని బట్టి ప్లాస్టిక్కును పొరమీద పొరగా పోసి వస్తువును తయారుచేసే యంత్రాలు ఈనాడు ఉన్నాయి. పాతికేళ్ళ యువకుడికి ఆ యంత్రం నడపటం కరతలామలకం. కాని ఆ బిళ్ళ ఎంత మెత్తగా ఉండాలో, ఎన్ని పేర్చాలో, బరువైన మనిషికి ఏ రంగుది వేసేవారో అతనికి తెలియదు. అది అరవై ఏళ్ళ మనిషికి తెలుసు. ఈయన చెప్పకపోతే అతను చేయలేడు. అతను రాకపోతే ఈయన చెప్పినా చేసేవాడు లేడు.

అసలు ప్రమాదం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వస్తువు చెడిపోతే ఇంకొకటి చేసుకోవచ్చు. తెలిసిన మనిషి పోతే ఆ తెలివి తిరిగిరాదు. అటక మీది సైకిలును పిల్లలు పాత ఇనుముకు వేస్తారు. దాని మీద ఉన్న పేరు ఎవరిదో, ఆ అతుకు ఎవరి చేతిదో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

మరి కొత్తవాళ్ళు రావటానికి అడ్డేమిటి? అడ్డు ఎక్కువగా పాతవాళ్ళ దగ్గరే ఉంటుంది. "ఏది పాతది?" అన్న ప్రశ్న మీద పెద్ద తగాదా. 1980 ప్రాంతాలలో తొక్కినవాళ్ళకు కదలని ఉక్కు ఫోర్కు ఉన్నదే అసలైన పాత సైకిలు. కుదుపు మింగే ఫోర్కు వచ్చినదంతా వాళ్ళ దృష్టిలో నిన్నటి సరుకు. కాని లెక్క చూడండి. 1999లో తయారైన సైకిలుకు పాతికేళ్ళు దాటాయి. దాన్ని తన పదిహేనో ఏట ఆశగా చూసి, కొనలేక, ఇప్పుడు ఉద్యోగంలో స్థిరపడి కొనుక్కున్నవాడికి నలభై ఏళ్ళు. అతను తన సైకిలుతో కూటానికి వస్తే "ఇది పాతది కాదు నాయనా" అన్నారనుకోండి. అతను మళ్ళీ వస్తాడా?

ఇటలీలో టస్కనీ సీమలోని గయోలె ఊళ్ళో 1997 నుంచి "ఎరోయికా" అని పాత పందెపు సైకిళ్ళ సవారీ జరుగుతున్నది. అవి కొండ సైకిళ్ళు కావు, రోడ్డువి. అయినా సంగతి మనకు పనికివస్తుంది. వాళ్ళు 1987 సంవత్సరాన్ని గీతగా పెట్టుకున్నారు. ఆ గీతకు ఒక కారణం చెప్పుకోవచ్చు. ఆనాటి నుంచి పెడళ్ళూ, గేరు మీటలూ, బ్రేకు తీగలూ అన్నీ మారిపోతూ వచ్చాయి. వాళ్ళకు ఆ గీత బాగానే పనిచేసింది. వేలమంది వస్తున్నారు. కాని అక్కడ సున్నపురాతి ధూళి ఎగిరే తెల్లని మట్టిబాటలున్నాయి, తిండి ఉన్నది, పండుగ ఉన్నది. కేవలం సైకిళ్ళ కోసమే కూడే చిన్న కూటం ఒక సంవత్సరాన్ని గీతగా గీసి కూచుంటే, గీతకు ఇవతల ఉన్నవాళ్ళు ఏటేటా పెరుగుతారు, అవతలవాళ్ళు తరుగుతారు. నన్నడిగితే గీత కాలంతోపాటు జరగాలి. పాతికేళ్ళు నిండినది పాతది. అంతే.

దీనికి సాటి మన బడులలోనూ ఉన్నది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో పూర్వ విద్యార్థుల సంఘం ఉండేది. మొదటి పదేళ్ళలో చదివినవాళ్ళే ప్రతి ఏడూ వేదిక మీద కూచునేవారు, చెప్పిన కథలే చెప్పుకునేవారు. కింద కుర్చీలు ఏటేటా ఖాళీ. ఒకసారి బొమ్మలున్న పెట్టె ఒకటి తెరిచి, ఎవరు ఎవరో రాసిపెట్టమని పదో తరగతి పిల్లలను పెద్దల పక్కన కూచోబెట్టాము. "ఇదుగో, వీడు మా తాత!" అని ఒక పిల్ల అరిచింది. ఆ ఏడు సభకు వాళ్ళ ఇంటిల్లిపాదీ వచ్చారు.

ఇంగ్లండులో ఇటువంటిదే పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ "రఫ్ స్టఫ్ ఫెలోషిప్" అని ఒక సంఘం ఉంది. 1955లో లెమ్‌స్టర్ అనే ఊళ్ళో పుట్టింది. అంటే కొండ సైకిలు పుట్టటానికి ఇరవై ఏళ్ళ ముందే! సాధారణమైన సైకిళ్ళ మీద కొండదారులూ, గొర్రెల బాటలూ, రాళ్ళ కనుమలూ పట్టి పోవటం వాళ్ళ పని. తొక్కగలిగినంత దూరం తొక్కేవారు, లేనప్పుడు సైకిలును భుజానికెత్తుకుని నడిచేవారు. కోటు, టై కట్టుకుని మంచులో సైకిలు మోసుకుపోతున్న మనుషుల బొమ్మలు చూస్తే మీకు నవ్వూ వస్తుంది, ఆశ్చర్యమూ కలుగుతుంది. ఆ బొమ్మలు దశాబ్దాలపాటు సభ్యుల ఇళ్ళలో పెట్టెలలో పడి ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చే పని ఈ మధ్యనే మొదలై, 2019లో ఒక పుస్తకం వెలువడింది. చూసిన పడుచువాళ్ళు, "మనం ఇవాళ చేద్దామనుకుంటున్నది వీళ్ళు అప్పుడే చేశారే!" అనుకున్నారు. ఆ సంఘం సైకిలు కోసం పుట్టలేదు, బాట కోసం పుట్టింది. అందుకని సైకిళ్ళు ఎన్ని రకాలుగా మారినా దానికి పని లేకుండా పోలేదు.

కొండ సైకిలువాళ్ళు కూడా తమకొక ఇల్లు కట్టుకున్నారు. 1988లో కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్ అనే కొండ ఊళ్ళో ఈ ఆటలో పేరు తెచ్చుకున్నవారి స్మారకంగా ఒక మందిరం పెట్టారు. ఆ ఊరికీ తన కథ ఉన్నది. 1976లో ఆ ఊరి కుర్రవాళ్ళు పాత సైకిళ్ళ మీద 12,700 అడుగుల పెర్ల్ కనుమ దాటి ఆస్పెన్ అనే ఊరికి పోయారు. ఆస్పెన్‌వాళ్ళు మోటారు సైకిళ్ళ మీద అదే కనుమ దాటివచ్చి గొప్పలు చెప్పుకున్నారట. దానికిది జవాబు! 1978లో కాలిఫోర్నియావాళ్ళు ఈ కబురు విని తామూ వెళ్ళి కలిశారు. తరువాత ఆ స్మారక మందిరం ఫేర్‌ఫాక్స్‌లో 2015లో తెరిచిన సైకిళ్ళ మ్యూజియానికి తరలివచ్చింది. రీపాక్ బాట అక్కడికి దగ్గరే. జో బ్రీజ్ ఆ మ్యూజియంలో వస్తువుల సంరక్షకుడుగా పనిచేస్తూ వచ్చాడు. తాను కుర్రతనంలో అతికిన గొట్టాల గురించి తానే పిల్లలకు చెప్పే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

ఐతే మ్యూజియంలో పెట్టటమే పాత సైకిలుకు మోక్షమని నేననుకోను. 1980, 1990 ప్రాంతాల ఉక్కు కొండ సైకిళ్ళలో చాలావాటికి వెనక సామాను పెట్టుకునే క్యారియరు బిగించటానికి రంధ్రాలుంటాయి. లావు టైర్లు, గట్టి ఫ్రేము, తేలిక గేర్లు. పందెంలో వాటి పని అయిపోయింది గాని, అంగడికి పోవటానికీ, బడికి పోవటానికీ, నాలుగు రోజులు దేశం తిరిగిరావటానికీ అవి ఈనాటికీ భేషుగ్గా ఉంటాయి. కొత్త సైకిలు ధరలో నాలుగో వంతు పెట్టకుండానే అటువంటిది దొరుకుతుంది. చేతిలో డబ్బు లేని విద్యార్థి దాన్ని కొని, ముందు ఒక బుట్ట కట్టి, మడ్గార్డులు బిగిస్తే కొందరు పాతవాళ్ళకు కంపరం పుడుతుంది. "అయ్యో, ఇది ఫలానా సంవత్సరపుది, దీనికి బుట్టా!" అంటారు. కట్టుకోనివ్వండి. ఆ బుట్ట విద్యార్థే రేపు సీటు కడ్డీ బిగుసుకుపోయిందని వాళ్ళ దగ్గరకు వస్తాడు. అప్పుడు ఆ సైకిలు ఎవరు చేశారో కూడా తెలుసుకుంటాడు.

తెలుసుకోవటం కూడా ఒక ఆటే. పాత షిమానో భాగాల వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటి అక్షరం సంవత్సరం, రెండోది నెల. "ఏ" అంటే 1976, "బి" అంటే 1977, ఇలాగే వరసగా. నెలలకు "ఏ" జనవరి, "బి" ఫిబ్రవరి, ఇలా "ఎల్" దాకా పన్నెండు. ఒక గేరు మీద "ఎమ్, సి" అని ఉన్నదనుకోండి. అది ఎప్పుడు తయారైంది? వేళ్ళ మీద లెక్కపెట్టండి. 1988 మార్చి. మరి "ఆర్, కె" అని ఉంటే? ఇది మీరే చెప్పాలి. చక్రం ఒక ఏడుది, గేరు ఇంకొక ఏడుది, బ్రేకు మరొక ఏడుది అయితే ఆ సైకిలు ఎన్ని చేతులు మారిందో, ఏది ఎప్పుడు విరిగిందో ఊహించవచ్చు. పిల్లలకు ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్ళ కంటె చురుగ్గా చేస్తారు. వాళ్ళ కళ్ళకు చిన్న అక్షరాలు బాగా ఆనుతాయి కూడా.

ఈ కథలో మన వాళ్ళకూ ఒక మూల చోటున్నది. 1974 డిసెంబరులో టామల్‌పాయిస్ కొండ పాదాన ఉన్న మిల్‌వాలీలో ఒక సైకిలు పందెం జరిగితే, దక్షిణాన ఉన్న ఒక ఊరి నుంచి కొందరు కుర్రవాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళకు గేర్లు బిగించుకుని వచ్చారు. ఫేర్‌ఫాక్స్ ప్రాంతంవాళ్ళు వాటిని చూసి ముక్కున వేలేసుకున్నారు. ఆ ఊరు క్యూపర్టినో. కంప్యూటర్ల కంపెనీలతో నిండి, ఈనాడు తెలుగు కుటుంబాలు ఎన్నో కాపురముంటున్న క్యూపర్టినో అదే! మీ బాబాయో, మేనత్తో అక్కడ ఉంటే, ఒక సెలవునాడు వంతెన దాటి ఫేర్‌ఫాక్స్ దాకా వెళ్ళి చూసి ఉత్తరం రాయమనండి. కొండ మీద మట్టిబాటలలో సైకిలును గంటకు 15 మైళ్ళ కంటె వేగంగా పోనివ్వరని మాత్రం ముందే చెప్పండి. రీపాక్ వీరులు ఈనాడు పుట్టి ఉంటే జరిమానాలు కట్టుకుంటూ ఉండేవారు.

ఇక ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి తయారవుతున్నది. ఈ పదేళ్ళలో బ్యాటరీతో నడిచే కొండ సైకిళ్ళు విరివిగా వచ్చాయి. మోకాళ్ళు నొప్పిపెట్టే పెద్దవాళ్ళు కొందరు వాటి సహాయంతోనే మళ్ళీ కొండ ఎక్కుతున్నారు. ఆ సైకిళ్ళకూ పాతికేళ్ళు నిండే రోజు వస్తుంది. బ్యాటరీలు అప్పటిదాకా బతకవు. వాడినా వాడకపోయినా వాటిలోని రసాయనాలు ఏటేటా సత్తువ కోల్పోతాయి. రబ్బరు బిళ్ళల కథే మళ్ళీ. గేర్లు మార్చే మీటకు తీగ లేదు, లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి ఆజ్ఞలిచ్చే ఏర్పాటు ఫోనులో ఉంటుంది, ఆ ఫోను ఐదేళ్ళలో మూలపడుతుంది. గ్రీజు రాసి వాటిని బతికించటం వల్లకాదు. బ్యాటరీ గుండెను విప్పి కొత్త ఘటాలు కూర్చటం, పోయిన ఆజ్ఞలను తిరిగి రాయటం తెలిసినవాళ్ళు కావాలి. వాటిని అసలు కూటంలోకి రానివ్వాలా వద్దా అని పెద్దవాళ్ళు ఇప్పటినుంచే వాదించుకుంటున్నారు. ఆ సైకిళ్ళు పాతబడేనాటికి మీలో చాలామందికి ముప్ఫయి, నలభై ఏళ్ళు ఉంటాయి.